పట్టాలో మాట మార్పించిన లలిత

పల్లెకు కరెంటు తెచ్చే పెద్ద లైన్లు ఎలా వేయాలో, సబ్ స్టేషన్‌లో ఏ యంత్రం ఎక్కడ నిలపాలో ముందుగా కాగితం మీద గీసి లెక్క కట్టాలి. ఒకప్పుడు అది పూర్తిగా మగవారి పని. మన దేశంలో ఆ చదువు చదివి, ఆ పనిలో నిలదొక్కుకొన్న తొలి మహిళ ఒక తెలుగింటి ఆడపడుచు. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో జన్మించారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆనాటి ఆచారం ప్రకారం లలితకు 15వ ఏటనే వివాహం జరిపించారు. పెళ్ళి తరువాత కూడా ఆమె పదో తరగతి వరకు చదువుకొన్నారు. 1937లో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు నాలుగు నెలలు నిండేసరికి భర్త మరణించారు. అప్పటికి లలిత వయస్సు 18 ఏళ్ళు.

భర్త పోయిన ఆడదానికి తల గొరిగించి మూల కూర్చోబెట్టే రోజులవి. లలిత ఆ మూలకు పోలేదు. ఎవరి మీదా ఆధారపడకుండా బిడ్డను పెంచాలని నిశ్చయించుకొని మళ్ళీ పుస్తకం పట్టారు. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ మొదటి శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు.

ఆనాడు పై చదువుకు వెళ్ళే ఆడపిల్లలు కొందరు వైద్యం వైపు వెళ్ళేవారు. కాని డాక్టరు పనికి వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి కబురు వస్తే చంటిబిడ్డను వదిలి వెళ్ళాలి. తండ్రి, అన్నదమ్ములు చేసే ఇంజనీరు పనికైతే వేళలు ఉంటాయి. అందుకే ఆమె ఇంజనీరింగునే ఎంచుకొన్నారు.

గిండీ కళాశాల 1794 నాటిది. అక్కడ అప్పటివరకు ఆడపిల్ల చదివింది లేదు. సుబ్బారావు ప్రిన్సిపాల్ చాకోతో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టరు స్టాథమ్ అనుమతి ఇచ్చారు. వందలాది మగపిల్లల మధ్య లలిత ఒక్కరే విద్యార్థిని. ఆమెకు వేరుగా వసతి ఏర్పాటు చేశారు. బిడ్డ పెంపకం ఇంటివారు చూసుకొన్నారు.

ఒంటరితనం ఆమెను బాధించింది. అది గమనించిన తండ్రి, ఆడపిల్లలనూ చేర్చుకొంటామని ప్రకటన ఇచ్చేటట్లు కళాశాలవారిని ఒప్పించారు. 1940లో పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి సివిల్ ఇంజనీరింగులో చేరారు. 1943లో ముగ్గురూ చదువు పూర్తి చేశారు. అయితే పట్టా కాగితాలు మగవారి కోసమే అచ్చు వేసి ఉన్నాయి. వాటిలో 'అతడు' అన్న మాట కొట్టివేసి 'ఆమె' అని చేతితో రాయవలసి వచ్చింది. తరువాత 1971లో త్రేసియా కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయ్యారు.

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్కుషాపులో ఏడాదిపాటు పని నేర్చుకొన్నారు. సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఉద్యోగం చేశారు. కొంతకాలం తండ్రి పరిశోధనలకు సాయపడ్డారు. పొగరాని పొయ్యి ఆ పరిశోధనల్లో ఒకటి. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరారు. అక్కడ అన్నగారి కుటుంబంతో కలిసి ఉండడంతో బిడ్డ ఆలనాపాలనా సాగింది. విద్యుత్ లైన్లకు, సబ్ స్టేషన్లకు నమూనాలు తయారుచేయడం ఆమె పని. సట్లెజ్ నదిపై కట్టిన భాక్రానంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలోనూ ఆమెకు భాగముంది.

1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సభ జరిగింది. ఆ సభకు లలిత చీరకట్టుతోనే హాజరయ్యారు.

ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కూతురిని పెంచి, చదివించి ప్రయోజకురాలిని చేశారు. 1977లో ఉద్యోగ విరమణ చేసి, 1979 అక్టోబరు 12న 60వ ఏట కన్నుమూశారు.

కళాశాలలో పలుకుబడి గల తండ్రి ఉండబట్టి లలితకు తలుపు తెరుచుకొంది. ఆ అదృష్టం ఆనాడు ఏ కొద్దిమందికో తప్ప లేదు. కాని తాను లోపలికి వెళ్ళాక ఆ తలుపు మూతపడలేదు. వెనుక వచ్చిన ఆడపిల్లలకు అది తెరిచే ఉంది.