మూడోసారి పాసైన యల్లాప్రగడ



పిల్లల ఫోటోసింథసిస్ పాఠంలో ఏటీపీ అనే పేరు వస్తుంది. దాన్ని కనుగొన్నవారిలో ఒక తెలుగాయన ఉన్నారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. తల్లి వెంకమ్మ చదువు ఆగనివ్వలేదు, మూడోసారి పాసయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు, 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా గుర్తించారు. సుబ్బారావు 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆకులో వెలుగును పట్టే యాంటెన్నా ప్రోటీన్లకు ఫాస్ఫేట్ అతుక్కుంటుందని 1977లో తెలిసింది. ఫోటోసిస్టమ్-2కు వెలుగు ఎక్కువగా చేరితే, ఫాస్ఫేట్ అంటిన యాంటెన్నాలు కొన్ని ఫోటోసిస్టమ్-1 వైపు జరుగుతాయి. అలా ఆకు రెండింటికీ వెలుగును సర్దుతుంది. ఆ ఫాస్ఫేట్‌ను ఇచ్చేది ఏటీపీయే. కండరాన్ని నడిపేదీ, ఆకులో ఈ సర్దుబాటుకు తోడ్పడేదీ ఒకటే పదార్థం. ఆ సంగతి చూడటానికి ఆయన లేరు.

ఈసారి యూనిట్ టెస్ట్ మార్కులు చూసేటప్పుడు, వెంకమ్మగారు చూసిన ఆ రెండు ఫెయిళ్లను ఒక్కసారి గుర్తుచేసుకోండి.