పసుపు పియోనీల ప్రొఫెసరు

చెప్పింది రసాయనశాస్త్రం. పేరు నిలిచింది మాత్రం పూలతో. ఆర్థర్ పెర్సీ సాండర్స్ 1869లో కెనడాలో పుట్టారు. తండ్రి విలియం ఆ దేశపు ప్రయోగ వ్యవసాయ క్షేత్రాలకు తొలి డైరెక్టర్. అన్న చార్లెస్ మార్క్విస్ గోధుమతో పేరు పొందారు. ఇక ఈయన ఊరుకుంటారా! 1900లో న్యూయార్క్ రాష్ట్రంలోని హామిల్టన్ కాలేజీలో చేరి, పియోనీల వెంట పడ్డారు.

మామూలు పియోనీ చలికాలంలో నేలదాకా ఎండిపోతుంది. చెట్టు పియోనీ ఆకు రాల్చినా కొమ్మ నిలుస్తుంది. జపాన్ చెట్టు పియోనీల్లో తెలుపు, గులాబీ, ఎరుపు రంగులున్నాయి గానీ నిండు పసుపు లేదు. అది చైనాలోని యునాన్ కొండల లూటియా జాతిలో ఉంది. దానిదేమో చిన్న పువ్వు, పైగా ఆకుల్లో దాక్కుంటుంది. గట్టి చలికి ఆగదు. ఫ్రాన్సులో లెమాన్ కుటుంబం ముందే రెండింటినీ కలిపింది. కానీ ఆ ముద్దపూలు చాలావరకు బరువుకు తలలు వాల్చేసేవి. సాండర్స్ తేలిక రేకల జపాన్ రకాలు తీసుకున్నారు. క్లింటన్ మంచులో పెంచారు. విత్తు వేశాక పువ్వు చూడాలంటే ఏళ్లు పడుతుంది, ఓపిక ఉండాలి మరి.

నిమ్మపసుపు ‘హై నూన్’, నలుపు తిరిగిన ఎరుపు ‘బ్లాక్ పైరేట్’ ఆయనవే. అయితే ఈ సంకరాలు కంచరగాడిదల్లాంటివి, గింజ కట్టడం బహు అరుదు. రెండో తరంలో దక్కిన రెండు మొక్కలే తర్వాత చిత్రకారుడు నాసోస్ డాఫ్నిస్ చేతిలో కొత్త రకాలకు తల్లివేరయ్యాయి. సాండర్స్ 1953లో కన్నుమూశారు. ఆయన మొక్కలను కూతురు సిల్వియా పంచుతూ వచ్చారు.