ఎల్.ఎస్.టి.కి రూపమిచ్చిన నీడర్‌మైర్

యూనిఫాం వేసుకోని మనిషి కూడా యుద్ధగతిని మార్చగలడు అనడానికి జాన్ సి. నీడర్‌మైర్ జీవితమే ఉదాహరణ. మగర్, ఘరియాల్ ఓడల మీద పనిచేసిన మన నావికులకు ఎల్.ఎస్.టి. గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ సోదరుల కోసం ఒక్కమాట: జెట్టీ, క్రేను లేకుండా ట్యాంకులను నేరుగా ఇసుక మీదకే దించే ఓడ అది.

నీడర్‌మైర్ 1893లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టారు. న్యూయార్క్‌లోని వెబ్ సంస్థలో ఓడల నిర్మాణం చదివి 1918లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత నేవీ యార్డులో సివిలియన్‌గా చేరారు. 1925లో మునిగిన ఎస్-51 జలాంతర్గామిని మరుసటి ఏడాది పైకి తేల్చినప్పుడు, ఆ లెక్కలు కట్టినవారిలో ఆయనా ఉన్నారు. 1928 నుంచి వాషింగ్టన్‌లోని నేవీ డిజైన్ విభాగంలో పనిచేశారు.

1940లో డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలతో బయటపడింది గానీ, ట్యాంకులు, ఫిరంగులు అక్కడే వదిలెయ్యాల్సి వచ్చింది. మళ్లీ ఐరోపాలో కాలు పెట్టాలంటే ట్యాంకులు ఒడ్డుకు చేరాలి. చిక్కల్లా ఇదే: మహాసముద్రం దాటే ఓడ నీటిలో బాగా దిగి ఉండాలి, ఒడ్డెక్కే ఓడ తేలికగా పైకి తేలాలి. రెండూ ఒకే ఓడలో కుదిరేదెలా?

1941 నవంబరు 4న బ్రిటన్ కోరిక ఆయన బల్ల మీదకి వచ్చింది. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలో దిగనేలేదు. కొన్ని గంటల్లోనే ఆయన స్కెచ్ గీసేశారు. ఉపాయం బ్యాలాస్ట్ ట్యాంకుల్లో ఉంది. సముద్రంలో వాటిని నీటితో నింపి ఓడను లోతుగా దించాలి, తీరం దగ్గర ఆ నీటిని తోడేసి పైకి తేల్చాలి. చివరి డిజైన్‌లో పొడవు 328 అడుగులు, వెడల్పు 50 అడుగులు. ముందు తలుపులు, ర్యాంపు. మళ్లీ ఒడ్డు నుంచి వెనక్కి లాక్కోవడానికి వెనుక ఒక లంగరు.

1942 జూన్‌లో మొదటి ఓడ పని మొదలైంది. 1945 నాటికి 1,051 తయారయ్యాయి. నెమ్మదిగా నడుస్తాయని సిబ్బంది ఎగతాళి చేసినా, శత్రువు దెబ్బకు పోయినవి 26 మాత్రమే. నార్మండీ తీరంలో ట్యాంకులు దించి, తిరుగు ప్రయాణంలో 41,000 మందికి పైగా క్షతగాత్రులను తీసుకొచ్చాయి.

ఆ బాటలోనే బ్రిటన్ కట్టిన ఒక ఎల్.ఎస్.టి. 1949లో మనకొచ్చి తొలి ఐ.ఎన్.ఎస్. మగర్ అయింది. 1971 డిసెంబరులో కాక్స్ బజార్ దగ్గర మన ల్యాండింగ్ ఓడలు ఒడ్డుకు చేరలేక, లోతు నీటిలో దిగి కొందరు జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఒడ్డు వాలు, ఓడ లోతు అనే లెక్క ఎంత ప్రాణాంతకమో ఆ రోజు మనకూ తెలిసొచ్చింది. 1987లో సర్వీసులో చేరిన రెండో మగర్ 2020లో మాల్దీవుల నుంచి మనవాళ్లను కొచ్చికి చేర్చి, 2023 మేలో విశ్రాంతి తీసుకుంది. దాని తోబుట్టువు ఘరియాల్‌ను కట్టింది మన విశాఖపట్నంలోనే.

నీడర్‌మైర్ 1958లో రిటైరై, 1982లో కన్నుమూశారు. ఆయన ఒక్క తూటా పేల్చలేదు. అయినా ర్యాంపు మీంచి కాలు తడవకుండా ఒడ్డెక్కిన ప్రతి జవానూ ఆయనకు రుణపడి ఉన్నట్టే.