పల్నాటి వీరుడు కన్నమదాసు



12వ శతాబ్దమున మన పల్నాటిలో ఒక తండ్రి బిడ్డలైన నలగామరాజు, మలిదేవరాజు రాజ్యము కొరకు కలహించిరి. కోడిపందెములో ఓడిన మలిదేవుని పక్షము ఏడేండ్లు నాడు విడిచి పోయెను. గడువు తీరినను వారి భాగము వారికి దక్కలేదు. రాయబారము చెడి, కారెంపూడిలో యుద్ధము జరిగెను.

మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుడు. మాల కులమున పుట్టిన కన్నమదాసును ఆయన కుమారునివలె చేరదీసి, చేతికి ఖడ్గమిచ్చి, సేనానాయకుని చేసెనని వీరగాథ చెప్పుచున్నది. ఆనాడు పతకములు లేవు. అతని శౌర్యమునకు దక్కిన బిరుదు అదియే. ఊరి వెలుపల నుంచబడినవాని వెనుక ఊరివారు కత్తి పట్టి నడచిరి. అన్ని కులములవారు ఒకే చాపమీద కూర్చుండి భుజించిరి. దానికే చాపకూడు అని పేరు.

ఆ యుద్ధము ఎవరికిని మేలు చేయలేదు. బాలచంద్రుడు మొదలుకొని వీరులెందరో కూలిరి. రాజ్యము పాడాయెను, చాపకూడు మాత్రము మిగిలెను. నేటికిని కార్తీకమాసపు కారెంపూడి ఉత్సవములలో మూడవ నాడు, మందపోరు దినమున, అది జరుగుచున్నది.

ప్రభువు బల్లయొద్ద మనకును ఒకే రొట్టె, ఒకే పాత్ర. ఆరాధన ముగిసి ఇంటికి పోవునప్పుడు ఆ చాపను చుట్టి పెట్టుచున్నామా? ఎవరికి వారు పరీక్షించుకొందము.