ట్యూరింగ్ పాతిపెట్టిన అడ్రస్

మా పెదకాకాని నుంచి బెజవాడ పెద్ద దూరం కాదు. అలన్ ట్యూరింగ్ అమ్మానాన్నలు ఆ బెజవాడలో కొన్నాళ్ళు ఉన్నారని చదివాక, ఆయన నాకు దూరపు చుట్టంలా అనిపిస్తున్నాడు. తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. బళ్ళారి, కర్నూలు, విజయనగరం తిరుగుతూ తెలుగు కూడా నేర్చుకున్నాడు. అలన్ మాత్రం 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. ఏడాది దాటాక తల్లి సారా ఆయన్నీ అన్ననీ ఒక రిటైర్డ్ కల్నల్ ఇంట్లో ఉంచి ఇండియా వచ్చేసింది. అంటే మన నేల ఆ పిల్లాడికి అమ్మానాన్నలు వెళ్ళిపోయిన చోటు. చుట్టరికం మాట అక్కడే ఆగిపోతుంది.

1936లో, ఇరవై మూడేళ్ళకి, వేరే ఏ మెషీన్ వర్ణన ఇచ్చినా చదివి, దానిలాగే పనిచేసే యూనివర్సల్ మెషీన్‌ని కాగితం మీద కట్టాడు. లోపలి మెషీన్‌కి క్యూ1 అనే స్థితి ఉంటుంది. నడిపించే మెషీన్‌కీ తన స్థితులు ఉంటాయి. అయినా కలిసిపోవు, ఎందుకంటే లోపలివి టేపు మీద రాసిన గుర్తులు మాత్రమే.

టీసీఎల్‌లో నేమ్‌స్పేస్ ఇవాల్ రాసినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. కోడ్ ముక్క వేరే నేమ్‌స్పేస్‌లోకి వెళ్ళి నడుస్తుంది. సాయి అని పిలిస్తే మా క్లాసులో ఒకడు, మా వీధిలో ఇంకొకడు పలికినట్టు, ముందు అక్కడి పేరునే వెతుకుతుంది. కమాండ్ పేరు అక్కడ లేకపోతే గ్లోబల్‌లో చూస్తుంది. 2024లో టీసీఎల్ 9 వచ్చేదాకా వేరియబుల్ పేర్లకీ అలాగే చూసేది. అందుకే అప్పట్లో వేరియబుల్ అని ముందే చెప్పకుండా సెట్ చేస్తే, ఒక్కోసారి గ్లోబల్‌లో ఉన్నది మారిపోయేది! పనయ్యాక బయల్దేరిన చోటికి వచ్చేస్తుంది.

ఆ తిరిగి రావడం గురించి కూడా ట్యూరింగ్ ముందే ఆలోచించాడు. యుద్ధం అయ్యాక 1945లో, నేషనల్ ఫిజికల్ లాబరేటరీలో ఏస్ కంప్యూటర్ డిజైన్ రాస్తూ, సబ్‌రొటీన్‌లోకి వెళ్ళేముందు ఎక్కడికి తిరిగి రావాలో ఆ అడ్రస్‌ని పాతిపెట్టాలన్నాడు. పని అయ్యాక తవ్వి తీయాలి. వాటికి బరీ, అన్‌బరీ అని పేర్లు పెట్టాడు. చివర పాతింది ముందు బయటికొస్తుంది. ఇప్పుడు మనం స్టాక్ అంటున్నది అదే.

చిన్న రూపంలో ఆ ఏస్ 1950 మేలో నడిచేసరికి ఆయన మాంచెస్టర్‌కి వెళ్ళిపోయాడు. ఇంకో మగవాడిని ప్రేమించాడని 1952లో కోర్టు నేరస్థుడన్నది. జైలుకి బదులు హార్మోన్ మందులు ఒప్పుకున్నాడు. 1954 జూన్ 7న, నలభై ఒకటో ఏట, సైనైడ్ వల్ల చనిపోయాడు. 2013లో రాజ క్షమాభిక్ష వచ్చింది.

ఆయన జీవితకథని 1959లో రాసింది తల్లి సారానే. జర్మన్ల కోడ్‌లు విప్పడంలో కొడుకు ఏం చేశాడో అప్పటికింకా రహస్యమే. అది తెలియకుండానే ఆమె ఆ పుస్తకం పూర్తిచేసింది.