ముసాషి మూడు కేకలు

బాగున్న ప్రతిదాన్నీ కేక అనే బెజవాడలో పెరిగాను. కానీ నాకు మాత్రం కేక వెయ్యడం రాదు.

ఇంటర్ చదివే రోజుల్లో ఏడాదిన్నర కరాటే నేర్చుకున్నాను. కృష్ణ ఒడ్డున పొద్దున్నే ఐదున్నరకి క్లాసు. గుద్దు విసిరిన ప్రతిసారీ పొట్టలోంచి కియాయ్ అని అరవాలి. అందరూ అరిచేవాళ్ళు. నేను పెదాలు కదిపి ఊరుకునేవాణ్ణి. నదీస్నానానికి వచ్చినవాళ్ళు చూస్తారని సిగ్గు. ఒకరోజు మాస్టారు నా ముందు ఆగి, నా చెయ్యి వచ్చింది గానీ నేను రాలేదన్నారు. ఆ తర్వాత బెల్టు పరీక్షలో అరుపు దగ్గరే ఆగిపోయాను. అవమానంగా అనిపించి మానేశాను. అసలు కొట్టడానికి చెయ్యి చాలదా, అరుపెందుకు? ఈ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

జవాబు నాకు దాదాపు 400 ఏళ్ళ కిందటి మనిషి దగ్గర దొరికింది. ఆయన పేరు మియమోతో ముసాషి. జపాన్ కత్తివీరుల్లో ఇంతటి పేరు ఇంకెవరికీ లేదేమో.

ముసాషి 1584 ప్రాంతంలో పుట్టాడు. హరిమ అనే సీమ తన సొంత ప్రాంతమని ఆయనే రాసుకున్నాడు. 13వ ఏట, అంటే మనం ఎనిమిదో తరగతి లెక్కలతో కుస్తీ పట్టే వయసులో, అరిమ కిహెయ్ అనే కత్తివీరుడితో తలపడి గెలిచాడు. 16వ ఏట మరో బలవంతుణ్ణి ఓడించాడు. 21వ ఏట రాజధాని క్యోటో వెళ్ళి అక్కడి పేరుమోసిన వీరులతో పోరాడాడు. 30 నిండేలోపు అరవైకి పైగా పోటీలు. ఒక్కటీ ఓడిపోలేదని ఆయన మాట. అప్పట్లో పోటీ అంటే కప్పులు పంచుకునే ఆట కాదు. ఓడినవాడు చాలాసార్లు ఇంటికి వెళ్ళేవాడు కాదు.

అన్నిటికన్నా ప్రసిద్ధమైనది 1612లో ఒక చిన్న దీవి మీద సాసాకి కోజిరోతో జరిగింది. కోజిరోది చాలా పొడవైన కత్తి. ముసాషి కావాలనే ఆలస్యంగా వచ్చాడనీ, పడవలో వస్తూ తెడ్డును చెక్కి కర్రకత్తి చేసుకున్నాడనీ కథగా చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, ప్రాణం పోయింది కోజిరోకే.

నన్ను ఆపింది ఈ గెలుపు కాదు, ఆ తర్వాత జరిగింది. 30 దాటాక ముసాషి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. తన గెలుపులు విద్య పండి వచ్చినవి కావేమో, పుట్టుకతో వచ్చిన నేర్పో, దైవమో, ఎదుటివాళ్ళ లోపమో తనని గట్టెక్కించి ఉంటుందని అనుమానపడ్డాడు. ఒక్క పోటీ కూడా ఓడనివాడికి ఆ అనుమానం రావడమే వింత. అప్పటినుంచి పొద్దూ మాపూ సాధన చేశాడు. 50 ఏళ్ళ వయసులో గానీ అసలు విషయం అందలేదట.

1638లో షిమబార తిరుగుబాటును అణచడానికి వెళ్ళిన సేనలో ఆయనా ఉన్నాడు. కోట మీదనుంచి తిరుగుబాటుదారులు విసిరిన రాయి కాలికి తగిలి గాయపడ్డాడు. అంతమంది కత్తివీరులు చెయ్యలేని పని ఎవరో పేరు లేని మనిషి విసిరిన రాయి చేసింది!

1640లో కుమమోతో ప్రభువు హోసోకవ తదతోషి ఆయన్ని ఆదరించాడు. మరుసటి ఏడాదే ఆ ప్రభువు పోయాడు. 1643లో, 60వ ఏట, ముసాషి ఊరి బయట రెయిగందో అనే గుహలో కూర్చుని పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. అందులో ఐదు భాగాలు: భూమి, నీరు, నిప్పు, గాలి, శూన్యం. పంచభూతాలు విన్న చెవికి ఇది కొత్తగా అనిపించదు.

ఆ నిప్పు భాగంలో దొరికింది నా ప్రశ్నకి జవాబు. కేకలు మూడు రకాలంటాడు ముసాషి. పోరుకి ముందు ఒకటి, మధ్యలో ఒకటి, తర్వాత ఒకటి. ముందు వేసేది ఎదుటివాణ్ణి కదిలించడానికి. కొట్టబోతున్నట్టు కదిలి ఎయ్ అని అరిస్తే అతను ఉలిక్కిపడతాడు. ఆ కేక వెనకాలే కత్తి వెళ్తుంది. మధ్యలోది లోగొంతుతో, పట్టు తప్పకుండా లయ నిలుపుకోవడానికి. చివరిది గెలిచానని చాటడానికి. అయితే కత్తి దూసే క్షణంలోనే పెద్దగా అరవకూడదంటాడు.

ఇక్కడ నేను తికమకపడ్డాను. ఇప్పటి కెండో ఆటలో సరిగ్గా దీనికి విరుద్ధం. వెదురుకత్తితో తల మీద కొడితే మెన్, ముంజేతి మీద కొడితే కోతె, నడుము పక్కన కొడితే దో అని కొట్టిన చోటు పేరు అరవాలి. దెబ్బ ఎంత సూటిగా తగిలినా, గొంతులో నిండు ఊపు లేకపోతే జడ్జీలు జెండా ఎత్తరు. చెయ్యి, మనసు, ఒళ్ళు ఒకేసారి వచ్చాయనడానికి ఆ గొంతే సాక్ష్యం. కియాయ్ అన్న మాటలో కి అంటే ప్రాణశక్తి, అయ్ అంటే కలవడం. మా మాస్టారు నేను రాలేదన్నది ఇందుకేనని అప్పుడు వెలిగింది.

ఇందులో శరీరం లెక్క కూడా ఉంది. గట్టిగా ఊపిరి వదులుతూ అరిస్తే పొట్ట కండరాలు బిగుస్తాయి, నడుము నిలుస్తుంది, కాళ్ళలో పుట్టిన బలం దారిలో జారిపోకుండా చేతికి చేరుతుంది. మెకానికల్ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా: ఫౌండేషన్ బోల్టులు బిగించకుండా మోటారు నడిపితే ఏమవుతుందో, ఊపిరి బిగించకుండా కొడితే అదే అవుతుంది. మన హమాలీలు బస్తా ఎత్తేటప్పుడు, పొలంలో వరి పన ఎత్తి బల్లకేసి కొట్టేటప్పుడు వచ్చే హుమ్మనే శబ్దం ఇదే. వాళ్ళకి జపాన్ పేరు తెలియకపోవచ్చు, పద్ధతి తెలుసు.

మరి ముసాషి ఎందుకు వద్దన్నాడు? నాకు అర్థమైనంతలో, ఆయన దృష్టిలో కేక కత్తికి అలంకారం కాదు. దానికంటూ వేరే పని ఉంది. నిప్పు మీద, గాలి మీద, అలల మీద కూడా మనిషి కేక వేస్తాడని ఆ భాగంలోనే రాశాడు. గొంతంటే ప్రాణపు ఊపు అని ఆయన భావం.

గాలి, అలలు అన్న చోట పుస్తకం మూసేశాను. మా తాతయ్యది నాగాయలంక పక్క పల్లె. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన రాత్రి ఆయన తుమ్మచెట్టు పట్టుకుని ఉన్నాడు. చీకట్లో చుట్టుపక్కల చెట్ల మీద ఇంకో ముగ్గురు. ఎవరికి ఎవరూ కనపడరు. అందుకని వంతులవారీగా ఒకరి పేరు ఒకరు పెట్టి అరుచుకున్నారు. పిలిస్తే పలికినంతసేపూ ఉన్నట్టు. తెల్లారేసరికి నాలుగు గొంతుల్లో రెండే మిగిలాయి. ఈ సంగతి తాతయ్య ఎప్పుడూ పెద్దగా చెప్పడు. చెప్పినప్పుడు కూడా ఆ ఇద్దరి పేర్ల దగ్గర గొంతు తగ్గిస్తాడు. నేను సిగ్గుపడి మింగేసిన కేక ఎంత విలువైనదో నాకు అప్పుడు తెలిసింది.

ముసాషి 1645లో చనిపోయాడు. పోయే ముందు ఆ పుస్తకాన్ని శిష్యుడు తెరావో మాగోనోజో చేతిలో పెట్టాడు. ఆయన బొమ్మలు కూడా వేసేవాడు. ఒకదాంట్లో ఎండుకొమ్మ చివర ఒక పిట్ట కూర్చుని ఉంటుంది. కింద ఆ కొమ్మ మీదే ఒక పురుగు పైకి పాకుతుంటుంది. అన్ని కేకలు వేసిన మనిషి గీసిన బొమ్మలో అంత నిశ్శబ్దం! ఎప్పుడు అరవాలో తెలిసినవాడికే ఎప్పుడు ఊరుకోవాలో కూడా తెలుస్తుందేమో.

వచ్చే వారం నా సెమినార్ ఉంది. పోయినసారి మొదటి స్లైడు దగ్గరే గొంతు పెగల్లేదు, మా సెక్షన్‌కి గుర్తుండే ఉంటుంది. అందుకే నిన్న సాయంత్రం ఖాళీ క్లాసులో తలుపు వేసుకుని, బోర్డు ముందు నిలబడి, మొదటి వాక్యాన్ని పొట్టలోంచి గట్టిగా అరిచాను. ముసాషి చెప్పిన మొదటి కేక అన్నమాట. వాచ్‌మన్ బాబాయ్ ఏమైందోనని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఏం లేదు బాబాయ్, ప్రాక్టీసు అని చెప్పి, ఆయన వెళ్ళాక ఇంకోసారి అరిచాను.