అక్షరానికి వెలుగు చూపిన మహనీయుడు

నల్లని పూత మీద నిర్మల్ చిత్రకారులు దిద్దిన బంగారువన్నె రేఖ ఎంతగా మెరియునో మన ప్రాంతమువారందరూ ఎరిగినదే. తెల్లకాగితము మీద అదే రేఖ వెలవెలబోవును. నల్లబల్ల మీద పసుపు సుద్దతో రాసినది చివరి బల్ల వరకు కనిపించును. ఎర్ర సుద్దతో రాసినది కనిపించదు. ఇట్టి విషయాలను వేయి సంవత్సరాల క్రిందటనే పరిశోధించిన ఇబ్నుల్ హైథం జీవితాన్ని ఇచ్చట స్మరించుకొనుచున్నాము.

ఆయన సుమారు 965లో బస్రా నగరములో జన్మించారు. నైలు నది ప్రవాహాన్ని క్రమబద్ధము చేయగలనన్న ఆయన మాట విని ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం ఈజిప్టుకు పిలిపించాడు. నదిని స్వయముగా చూచిన పిమ్మట అది అసాధ్యమని ఆయన గ్రహించారు. ఖలీఫా ఆగ్రహానికి వెరచి మతి చలించినట్లు నటించి, 1021లో ఖలీఫా కనుమరుగైనంతవరకు నిర్బంధములో గడిపారని చరిత్రకారులు చెప్పుదురు. తరువాత అల్ అజ్‌హర్ మసీదు చెంత నివసించి, యూక్లిడ్, టాలమీ గ్రంథాలకు ప్రతులు రాసి ఆ ఆదాయముతో జీవించారు.

ఏడు భాగాల కితాబుల్ మనాజిర్ ఆయన కీర్తిస్తంభము. కంటి నుండి కిరణాలు వెడలి వస్తువును తాకునని యూక్లిడ్, టాలమీ భావించారు. వస్తువు నుండి వచ్చు వెలుతురే కంటిని చేరునని ఆయన నిరూపించారు. ఒక పదము రాసిన కాగితపుముక్కను కంటికి ఎదురుగా ఉంచి, చూపు కదల్చక, దానిని మెల్లగా ప్రక్కకు జరిపారు. ఎదుట స్ఫుటముగా ఉన్న అక్షరాలు ప్రక్కకు జరిగినకొద్దీ అస్పష్టమైనవి. చదువరి పరిచితమైన పదాన్ని అక్షరమక్షరము పరికింపకనే గుర్తించునని కూడ గమనించారు. ఒకే రంగు చుక్కలు తెలుపు మీద నల్లగాను, నలుపు మీద తేటగాను తోచునని తెలిపారు.

1931లో అమెరికాలో టింకర్, పాటర్సన్ రంగు అచ్చుతో పఠనవేగాన్ని కొలిచారు. రంగు ఏదైనను, అక్షరానికీ కాగితానికీ మధ్య వెలుగులో గల భేదమే ప్రధానమని తేల్చారు.

ఆయన సుమారు 1040లో కైరోలో పరమపదించారు. ఆయన గ్రంథము లాటిన్ అనువాదములో 1572లో బాసెల్ నగరమున అచ్చయినది.

మేము గోడపత్రికను ఉర్దూ, తెలుగు లిపులలో సింగారించునపుడు లేతపచ్చ కాగితము మీద పసుపు సిరా వాడి, చదువలేని మిత్రులను పరిహసించితిమి. లోపము వారి కన్నులది కాదు, మా రంగులది. చివరి బల్లవాడు తడబడినచో, వానిని మందబుద్ధి అనక ముందు, మనము ఏ రంగు మీద ఏ రంగుతో రాసితిమో చూచుకొందము. ఆ మహనీయునికి మనము చెల్లించగల నివాళి అదియే.